కొత్త సీఎన్‌సీ రూటర్‌లో అసాధారణ శబ్దం: కారణాలు, నిర్ధారణ

కంప్యూటర్ ఆదేశాలకు అనుగుణంగా, వేగంగా తిరిగే బిట్టును మూడు దిశల్లో నడిపి చెక్క, ఎండీఎఫ్, ప్లైవుడ్, అక్రిలిక్, అల్యూమినియం వంటి వాటిని కోసే, చెక్కే యంత్రం సీఎన్‌సీ రూటర్. సింహద్వారాల మీది లతలు, పూజగది తలుపుల మీది మూర్తులు, దుకాణాల బోర్డుల మీది అక్షరాలు తెలుగు ఊళ్లలో ఇప్పుడు చాలాచోట్ల దీని మీదే తయారవుతున్నాయి. కొత్తగా కొని బిగించిన రూటర్ మొదటి రోజుల్లోనే గరగరమనడం, కీచుమనడం, ఉన్నట్టుండి గుయ్యిమనడం కొనుగోలుదారులకు తరచూ ఎదురయ్యే ఇబ్బంది. పాత యంత్రం చప్పుడు చేస్తే ముందుగా అరుగుదలను అనుమానిస్తారు. కొత్త యంత్రంలో అరిగినవేవీ ఉండవు కాబట్టి రవాణాలో జరిగిన నష్టాన్ని, బిగింపులోని లోపాన్ని, సెట్టింగుల పొరపాటును ముందు చూడాలి. చప్పుడు ఎలా ఉందన్న దానికన్నా అది ఎప్పుడు వస్తోంది, దేనితో పాటు మారుతోంది, ఏది ఆపితే ఆగుతోంది అన్న ప్రశ్నలే కారణం దగ్గరికి త్వరగా చేరుస్తాయి.

శబ్దం పుట్టే చోట్లు

రూటర్‌లో శబ్దం పుట్టించే భాగాలను నాలుగు గుంపులుగా చూడవచ్చు. మొదటిది స్పిండిల్: బిట్టును తిప్పే మోటారు, దాని బేరింగులు, బిట్టును పట్టుకునే కాలెట్, వేగాన్ని నియంత్రించే వీఎఫ్‌డీ. రెండవది కదలిక వ్యవస్థ: స్టెప్పర్ లేదా సర్వో మోటార్లు, వాటి డ్రైవ్‌లు, బాల్ స్క్రూలు, ర్యాక్-పినియన్‌లు, పట్టాలు, వాటి మీద జారే బ్లాకులు. మూడవది కోత: బిట్టుకూ చెక్కకూ మధ్య జరిగే ఒరిపిడి. నాలుగవది చట్రం, దానికి తగిలించిన సామగ్రి: స్పిండిల్‌ను మోసే అడ్డ వంతెన అయిన గ్యాంట్రీ, బెడ్డు, ధూళి గొట్టం, వాక్యూమ్ పంపు, కేబుల్ చైను.

ఒక చోట పుట్టిన చప్పుడు మరో చోట వినిపించడం ఈ యంత్రాలలో మామూలే. ఉక్కు చట్రం కంపనాన్ని దూరానికి మోసుకుపోతుంది. పలుచని రేకు తలుపు దాన్ని పెద్దది చేస్తుంది. చెవికి గట్టిగా వినిపించిన చోటనే లోపం ఉందని వెంటనే విప్పడం మొదలుపెడితే మంచి భాగం పాడయ్యే ప్రమాదం ఉంది.

సహజమైన శబ్దాలు

కొత్తగా రూటర్ వాడేవారిని కంగారుపెట్టే చప్పుళ్లలో కొన్ని లోపాలే కావు. స్టెప్పర్ మోటారు కదిలేటప్పుడు ఒక స్వరం పలుకుతుంది. సాధారణ స్టెప్పర్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. 5 మి.మీ. లీడ్ ఉన్న బాల్ స్క్రూ మీద నిమిషానికి 3,000 మి.మీ. వేగంతో నడిస్తే మోటారు సెకనుకు 10 చుట్లు, అంటే 2,000 అడుగులు వేస్తుంది. ఆ 2,000 హెర్ట్జ్ స్వరమే మనకు వినిపిస్తుంది. వృత్తం చెక్కేటప్పుడు రెండు అక్షాల వేగాలు నిరంతరం మారుతుంటాయి కాబట్టి స్వరం పాటలా ఎక్కి దిగుతుంది. మోటారు నిలిచి ఉన్నప్పుడు సన్నగా వినిపించే ఈల, దాన్ని కదలకుండా పట్టి ఉంచే విద్యుత్తును డ్రైవ్ వేగంగా ముక్కలు చేసి పంపడం వల్ల వస్తుంది.

కొత్త స్పిండిల్ బేరింగుల్లో గ్రీజు సమంగా పరుచుకునే దాకా కొంత గరుకు మోత ఉండవచ్చు. అందుకే తయారీదారులు మొదట తక్కువ వేగంతో నడిపి, మెట్లుమెట్లుగా పెంచుకుంటూ పోవాలని చెబుతారు. కార్బన్ బ్రష్‌లున్న చేతి రూటర్‌ను స్పిండిల్‌గా బిగించిన చిన్న యంత్రాలలో కొత్త బ్రష్‌లు కుదురుకునే దాకా కాస్త ఎక్కువ నిప్పురవ్వలు, గరగర ఉంటాయి. ఇలాంటివన్నీ నడిచేకొద్దీ తగ్గుతాయి. రోజురోజుకూ పెరిగేది, ఒకే లయలో టక్కుటక్కుమనేది, వేడితోనో కమురు వాసనతోనో కలిసి వచ్చేది సహజ శబ్దం కాదు. దాన్ని “సర్దుకుంటుందిలే” అని వదిలేయకూడదు.

రవాణా, బిగింపు

లారీలో వందల కిలోమీటర్లు, ఓడలో వారాల తరబడి ప్రయాణించిన యంత్రంలో బోల్టులు వదులవుతాయి. గ్యాంట్రీ, స్పిండిల్ కదలకుండా కర్మాగారంలో వేసిన పట్టీలు, బ్రాకెట్లు తీయకుండానే యంత్రాన్ని ఆన్ చేస్తే మోటార్లు గుర్రుమంటాయి. పట్టాల మీద పూసి పంపే తుప్పు నిరోధక నూనెను కందెన అనుకొని గ్రీజు పెట్టకుండా నడిపితే బ్లాకులు కిర్రుమంటాయి. ఫ్యాన్ కవరు సొట్టపోయి రెక్కలకు తగలడం, కట్టు ఊడిన వైరు ఫ్యాన్‌లోకి జారడం కూడా కనిపిస్తాయి.

వీటికన్నా లోతైనది ఫాల్స్ బ్రినెల్లింగ్ అనే నష్టం. తిరగకుండా ఉన్న బేరింగు ఎక్కువసేపు కంపనానికి గురైతే బంతులు ఆనిన చోట గ్రీజు పక్కకు తొలగి, లోహం లోహాన్ని ఒరుసుకొని, వలయం మీద సన్నని గుంటలు పడతాయి. 1930లలో అమెరికాలో రైలు వ్యాగన్లలో పంపిన కొత్త కార్ల చక్రాల బేరింగులు రోడ్డెక్కకముందే ఇలా పాడవడం చూసి జనరల్ మోటార్స్ పరిశోధకుడు జాన్ ఆల్మెన్ దీన్ని అధ్యయనం చేశాడు. కాఠిన్య పరీక్షకు ఆద్యుడైన స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ పేరు దీనికి అంటుకుంది. ఆ పరీక్షలో బంతిని నొక్కితే పడే గుంటలా ఇది కనిపిస్తుంది కానీ, నొక్కుడు వల్ల కాక ఒరిపిడి వల్ల ఏర్పడుతుంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన స్పిండిల్ గరగరమంటే ఈ కారణాన్ని గుర్తుంచుకోవాలి. ఇది గ్రీజుతో నయం కాదు, బేరింగు మార్చాల్సిందే.

విడదీసి వినే పద్ధతి

నిర్ధారణకు మూలం ఒక్కసారి ఒక్కదాన్నే నడపడం. ముందు వాక్యూమ్ పంపు, ధూళి యంత్రం ఆపేయాలి. తర్వాత బిట్టు, కాలెట్, నట్టు తీసేసి స్పిండిల్‌ను మాత్రమే తిప్పాలి. దాన్ని ఆపి, ఒక్కో అక్షాన్ని విడివిడిగా, మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా, బెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడపాలి. ఆపై రెండేసి కలపాలి. అన్నీ సవ్యంగా ఉన్నాయనిపించాకే కోత పెట్టాలి. ఏ మెట్టు దగ్గర చప్పుడు మొదలైతే లోపం ఆ మెట్టులో కలిపిన భాగంలో ఉంటుంది.

స్పిండిల్ విషయంలో మరో మంచి పరీక్ష ఉంది. వీఎఫ్‌డీని బ్రేకు వేయకుండా వదిలేసే పద్ధతిలో పెట్టి, పూర్తి వేగంలో ఉండగా స్టాప్ నొక్కాలి. విద్యుత్తు తెగిన క్షణంలోనే మోత మాయమైతే అది విద్యుత్ సంబంధమైనది. వేగంతో పాటు మెల్లగా దిగుతూ పోతే యాంత్రికమైనది. దిగే దారిలో ఒకానొక వేగం దగ్గర ఒక్కసారి పెరిగి మళ్లీ తగ్గితే చట్రంలో ఏదో భాగం ఆ వేగానికి అనునాదం చెందుతోందని అర్థం.

అక్షాల విషయంలో చోటును గమనించాలి. బెడ్డు మీద ఎప్పుడూ ఒకే చోట చప్పుడు వస్తే పట్టా వంపునో, ర్యాక్ ముక్కల అతుకునో, ఇరుక్కున్న చెక్క పొట్టునో అనుమానించాలి. స్క్రూ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా వస్తే స్క్రూ, కప్లింగ్, చివరి బేరింగు వరుసగా చూడాలి. దిశ మారినప్పుడు మాత్రమే టక్కుమంటే ఎక్కడో లూజు ఉంది.

స్పిండిల్

చెక్క పనికి వాడే స్పిండిల్‌లు చాలావరకు నిమిషానికి 24,000 చుట్ల దాకా తిరుగుతాయి. అంటే సెకనుకు 400 చుట్లు. ఈ వేగంలో చిన్న అసమతుల్యత కూడా పెద్ద బలంగా మారుతుంది. ఇరుసు మధ్య నుంచి 10 మి.మీ. దూరంలో ఒక్క గ్రాము ఎక్కువ బరువుంటే, ఆ వేగంలో అది సుమారు 63 న్యూటన్ల బలంతో, అంటే ఆరు కిలోలకు పైబడిన బరువుతో సమానంగా, ప్రతి చుట్టులోనూ బేరింగులను లాగుతుంది. ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 12,000 చుట్ల వద్ద నాలుగో వంతే ఉంటుంది. కింది వేగంలో నిశ్శబ్దంగా ఉండి పైకి పోయేకొద్దీ జోరీగలా మోగే స్పిండిల్‌లో ముందు చూడాల్సింది బిట్టు, కాలెట్, నట్టు.

ఈఆర్ రకం కాలెట్‌ను ముందు నట్టులోకి క్లిక్కుమనేలా ఎక్కించి, ఆ తర్వాతే స్పిండిల్‌కు బిగించాలి. కాలెట్‌ను నేరుగా స్పిండిల్‌లో పడేసి పైన నట్టు తిప్పితే అది వంకరగా కూర్చుంటుంది, బిట్టు అడ్డంగా ఊగుతుంది. కాలెట్ చీలికల్లో చిక్కిన పొట్టు రేణువు కూడా ఇదే పని చేస్తుంది. 6 మి.మీ. కాలెట్, పావు అంగుళపు కాలెట్ కంటికి ఒకేలా ఉంటాయి. రెండవది 6.35 మి.మీ. కాబట్టి బిట్టు కాడను బట్టి సరైనది ఎంచుకోవాలి. ఊగిసలాటను డయల్ గేజ్‌తో కొలుస్తారు. మంచి స్పిండిల్ లోపలి శంకువు తలం మీద ఇది సాధారణంగా 0.01 మి.మీ. లోపే ఉంటుంది.

బిట్టు, నట్టు తీసేశాక కూడా మోత అలాగే ఉంటే బేరింగుల వైపు చూడాలి. విద్యుత్తు పూర్తిగా తీసేసి ఇరుసును చేత్తో నెమ్మదిగా తిప్పితే ఆరోగ్యమైన బేరింగు మెత్తగా, ఒకే తీరుగా తిరుగుతుంది. గతుకు తగిలితే గుంటలు పడ్డట్టే. నీటితో చల్లబడే స్పిండిల్‌లో గొట్టాల్లో గాలి బుడగలుంటే బుడబుడమంటుంది. శబ్దం చిన్నదే అయినా నీరు పారకపోతే స్పిండిల్ వేడెక్కి పాడవుతుంది కాబట్టి దీన్ని వెంటనే సరిచేయాలి.

వీఎఫ్‌డీ సెట్టింగులు

కొత్త యంత్రంలో అతి ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 400 హెర్ట్జ్, 220 వోల్టుల స్పిండిల్‌కు 50 హెర్ట్జ్ వద్ద సుమారు 27 వోల్టులు చాలు. ఇళ్లకు, కర్మాగారాలకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ కదా అని వీఎఫ్‌డీ మూల పౌనఃపున్యాన్ని 50 వద్దే ఉంచితే, ఆ వేగంలోనే పూర్తి 220 వోల్టులు వెళతాయి. అంటే కావలసినదానికి ఎనిమిది రెట్లు. మోటారు బిగ్గరగా మూలుగుతుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. వీఎఫ్‌డీ తనంతట ఆగకపోతే మోటారు లోపలి తీగ చుట్లు కాలిపోతాయి. ఆన్ చేసిన మొదటి క్షణంలోనే ఇలాంటి మూలుగు వినిపిస్తే వెంటనే ఆపి, స్పిండిల్ మీది పలకలో ఉన్న అంకెలను సెట్టింగులతో పోల్చాలి.

మూడు ఫేజు తీగల్లో ఒకటి వదులైతే ఇరుసు తిరగకుండా గుయ్యిమంటూ వణుకుతుంది. అలా కొన్ని సెకన్లకు మించి ఉంచకూడదు. వేగంతో మారకుండా సన్నగా వినిపించే కీచు ఈల మాత్రం వీఎఫ్‌డీ క్యారియర్ పౌనఃపున్యానిది. దాన్ని పెంచితే ఈల తగ్గుతుంది, బదులుగా వీఎఫ్‌డీ కొంత ఎక్కువ వేడెక్కుతుంది. వీఎఫ్‌డీ లోపలి కెపాసిటర్లు కరెంటు తీసేశాక కూడా కొన్ని నిమిషాలు ప్రాణాంతకమైన వోల్టేజీని నిలుపుకొంటాయి. తయారీదారు చెప్పిన సమయం గడిచాకే మూత తీయాలి.

స్టెప్పర్ మోటార్లు

స్టెప్పర్‌కు ఒక స్వభావం ఉంది. తక్కువ వేగాల్లో, సాధారణంగా సెకనుకు ఒకటి రెండు చుట్ల లోపు, అడుగుల లయ మోటారు సహజ కంపనంతో కలిసి గరగరమని మోగుతుంది. కాస్త వేగం పెంచినా తగ్గించినా పోతుంది. ఒక్కో అడుగును చిన్న భాగాలుగా విడగొట్టే మైక్రోస్టెప్పింగ్ పెంచితే బాగా తగ్గుతుంది.

హెచ్చరికగా తీసుకోవాల్సింది వేరే చప్పుడు. నడుస్తున్న మోటారు ఉన్నట్టుండి బర్రుమని అరిచి కదలకుండా ఆగిపోతే అడుగులు తప్పుతోందని అర్థం. డ్రైవ్ పంపే పల్సులు ఆగవు, ఇరుసు మాత్రం వాటిని అందుకోలేక అక్కడే కొట్టుకుంటుంది. మామూలు స్టెప్పర్ వ్యవస్థలో తిరుగు సమాచారం ఉండదు కాబట్టి కంప్యూటర్ తను అనుకున్న చోటికే చేరాననుకుంటుంది, చెక్కిన బొమ్మ పక్కకు జరిగిపోతుంది. త్వరణం ఎక్కువగా పెట్టడం, డ్రైవ్ మీద కరెంటు స్విచ్‌లు మోటారు పలకతో సరిపోకపోవడం, అక్షం ఎక్కడో పట్టేయడం దీనికి ముఖ్య కారణాలు. అక్షం మొదటి స్థానాన్ని గుర్తించే హోమింగ్ స్విచ్ పనిచేయక గ్యాంట్రీ చివరి అడ్డును ఢీకొన్నప్పుడూ ఇదే అరుపు వస్తుంది. అప్పుడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడమే సరైన స్పందన.

కరెంటు తీసిన స్టెప్పర్‌ను చేత్తో తిప్పితే చిన్నచిన్న గతుకులు తగులుతాయి. అవి అయస్కాంతం వల్ల వచ్చేవి, బేరింగు లోపం కావు.

స్క్రూలు, ర్యాకులు, పట్టాలు

మోటారును స్క్రూకు కలిపే కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ వదులవడం కొత్త యంత్రాలలో చాలా తరచుగా కనిపించే లోపం. దిశ మారినప్పుడల్లా టక్కుమంటుంది, కొలతల్లో తేడా వస్తుంది. అలెన్ కీతో ఒక్క నిమిషంలో పోయే లోపం ఇది. పొడవైన సన్నని స్క్రూ ఒక వేగం దాటాక కొరడాలా ఊగి చట్రాన్ని అదరగొడుతుంది. ఆ పరిమితి వేగం ఆధారాల మధ్య దూరం వర్గానికి విలోమంగా మారుతుంది. అంటే పొడవు రెట్టింపైతే వేగ పరిమితి నాలుగో వంతుకు పడిపోతుంది.

పెద్ద బెడ్డులున్న యంత్రాలలో, ఉదాహరణకు 1,300 × 2,500 మి.మీ. పరిమాణం గలవాటిలో, పొడవు దిశకు తరచూ ర్యాక్-పినియన్ వాడతారు. పళ్లు మరీ బిగువుగా కలిస్తే గర్రుమంటాయి, మరీ వదులైతే గడగడలాడతాయి. గ్యాంట్రీకి రెండువైపులా మోటార్లున్న యంత్రంలో గ్యాంట్రీ పట్టాలకు లంబంగా లేకపోతే బ్లాకులు పట్టాల మీద ఈడ్చుకుపోతూ మూలుగుతాయి. రెండు పట్టాలు సమాంతరంగా లేకపోతే ఒక కొసన తేలికగా జారే గ్యాంట్రీ మరో కొసన బిగుసుకుంటుంది. కరెంటు తీసి, నెమ్మదిగా తోసి చూస్తే ఈ తేడా చేతికే తెలుస్తుంది. వేగంగా తోస్తే మోటారే జనరేటరై డ్రైవ్‌ను దెబ్బతీయవచ్చు.

కోతలో వచ్చే మోత

గాల్లో తిరిగినప్పుడు ప్రశాంతంగా ఉండి, చెక్కలో దిగగానే అరిచే యంత్రానికి చాలావరకు యాంత్రిక లోపం ఉండదు. లోపం కోత పద్ధతిలో ఉంటుంది. కోత సమయంలో యంత్రం తనంతట తాను పెంచుకునే కంపనాన్ని ఛాటర్ అంటారు. 1906లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘానికి సమర్పించిన లోహపు కోత అధ్యయనంలోనే ఫ్రెడరిక్ టేలర్ దీన్ని పనివారికి ఎదురయ్యే అతి క్లిష్ట సమస్యల్లో ఒకటిగా గుర్తించాడు. 1950లలో టోబియాస్, ట్లుస్టీ వంటి పరిశోధకులు దాని గుట్టు విప్పారు. బిట్టు ఒక అంచు వదిలిన అలల గీతల మీదే తర్వాతి అంచు కోస్తుంది. ఆ అలలు రెండవ అంచును మళ్లీ ఊపుతాయి, ఊపు తనను తాను పోషించుకుంటుంది.

దీన్ని గుర్తించే తేలిక మార్గం స్పిండిల్ వేగం కాస్త మార్చడం. వేగంతో పాటు స్వరమూ మారితే అది అసమతుల్యత వల్లనో బిట్టు అంచుల తాకిడి వల్లనో వస్తున్నది. స్వరం దాదాపు అక్కడే నిలిస్తే ఛాటర్. వేగం తగ్గించడమే దీనికి మందు అనుకోనక్కరలేదు. కొన్నిసార్లు పెంచితేనే పోతుంది. లోతు తగ్గించడం, బిట్టును కాలెట్‌లోకి ఇంకొంత లోపలికి దించి బయటి పొడవు తగ్గించడం కచ్చితంగా మేలు చేస్తాయి. బయటికి పొడుచుకొచ్చిన పొడవు రెట్టింపైతే బిట్టు బిగువు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. మందం సగమైతే పదహారో వంతుకు పడిపోతుంది.

సన్నని కీచుతో పాటు చెక్క నల్లబడుతుంటే ఫీడ్, అంటే బిట్టు ముందుకు సాగే వేగం, సరిపోవడం లేదు. 18,000 చుట్ల వద్ద రెండు ఫ్లూట్ల బిట్టు, ఒక్కో అంచుకు 0.1 మి.మీ. చొప్పున తీయాలంటే నిమిషానికి 3,600 మి.మీ. నడవాలి. 900 మాత్రమే నడిపితే అంచు కోయడం మాని ఒరుసుకోవడం మొదలుపెడుతుంది. చెక్కను సరిగా బిగించకపోతే అది బెడ్డు మీద దడదడలాడుతుంది. పలుచని ప్లైవుడ్ మధ్యలో పైకి లేచి తప్పెటలా మోగుతుంది.

నేల, చట్రం, గొట్టం

నాలుగు కాళ్లలో ఒకటి నేలకు ఆనకపోయినా మొత్తం చట్రం మోగుతుంది. స్పిరిట్ లెవెల్‌తో చూసి కాళ్లు సరిచేయడం బిగింపులో మొదటి పని కావాలి. ధూళి గొట్టం గ్యాంట్రీకి తగిలి ఊగడం, గొట్టం చివరి బ్రష్ కుచ్చు కాలెట్ నట్టును రాసుకోవడం, కంట్రోల్ పెట్టె తలుపు వదులుగా ఉండటం పెద్ద లోపాల్లా వినిపించే చిన్న విషయాలు. అనుమానించిన భాగాన్ని, యంత్రం ఆపి ఉన్నప్పుడు, తాత్కాలికంగా కట్టి మళ్లీ నడిపితే సంగతి తేలిపోతుంది.

కొలతలు

ఈ రోజుల్లో చేతి ఫోనే మంచి సాధనం. శబ్ద వర్ణపటం చూపే యాప్‌లో ఏ పౌనఃపున్యం దగ్గర శిఖరం ఉందో చదివి లెక్కతో పోల్చాలి. 18,000 చుట్ల వద్ద 300 హెర్ట్జ్ శిఖరం అసమతుల్యతకు గుర్తు. కోత సమయంలో రెండు ఫ్లూట్ల బిట్టుకు 600 సహజం. బేరింగు బయటి వలయంలో గుంట ఉంటే, బంతుల సంఖ్యలో సుమారు 0.4 వంతును చుట్ల పౌనఃపున్యంతో గుణించిన చోట శిఖరం వస్తుంది. లోపలి వలయానికి ఆ వంతు సుమారు 0.6. ఎనిమిది బంతులున్న బేరింగులో 300 హెర్ట్జ్‌కు అవి దాదాపు 960, 1,440 అవుతాయి. మెకానిక్ స్టెతస్కోపును కదలని భాగాల మీద పెట్టి వింటే మోత ఏ చివర పుట్టిందో తెలుస్తుంది.

చెవులు, ఇరుగుపొరుగు

శబ్దం వెతికేవారు చెవులను కాపాడుకోవాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్‌లను పరిమితిగా సూచించింది. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 94 వద్ద ఒక్క గంటే. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటలకు 90 డెసిబెల్‌ల పరిమితి విధించాయి. చాలా చెక్కడపు దుకాణాలు ఇళ్ల మధ్యే ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్‌లు, ఆ తర్వాత 45 మించకూడదు. పరీక్షించేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే బిట్టు దగ్గర గ్లవుజులు వేసుకోకూడదు, వదులు బట్టలు ఉండకూడదు.

నమోదు, వారంటీ

పై తనిఖీలన్నీ తేలికైనదాని నుంచి కష్టమైనదానికి, తిరిగి యథాస్థితికి తేగలిగినదాని నుంచి తేలేనిదానికి సాగాలి. బోల్టు బిగించడం, గ్రీజు పెట్టడం, సెట్టింగు చూడటం కొనుగోలుదారు పనులు. స్పిండిల్ విప్పడం ఆయన పని కాదు. సీలు తెగితే వారంటీ పోవడమే కాక, జంటగా లెక్కకట్టి బిగించిన బేరింగుల అమరిక చెడిపోతుంది. లోపం మిగిలితే ఏ వేగంలో, ఏ అక్షం మీద, ఏ చోట, బిట్టుతోనా లేకుండానా అన్న వివరాలు రాసి, వీడియోతో పాటు అమ్మినవారికి పంపాలి. “ఏదో చప్పుడు వస్తోంది” అన్న ఫిర్యాదుకు దొరికే జవాబు “సర్దుకుంటుంది” అన్నదే. “బిట్టు లేకుండా, 12,000 దాటాక, 960 దగ్గర శిఖరంతో గరగర” అన్న ఫిర్యాదును అలా తోసిపుచ్చలేరు.

యంత్రం బాగా నడుస్తున్న రోజే ప్రతి అక్షాన్నీ, స్పిండిల్‌ను మూడు నాలుగు వేగాల్లోనూ నడిపి, ఫోనును ఒకే చోట ఉంచి శబ్దాన్ని రికార్డు చేసి తేదీతో దాచాలి. ఖర్చు లేని ఈ పని చేసిన దుకాణంలో తర్వాత వచ్చే ప్రతి అనుమానాన్నీ జ్ఞాపకంతో కాకుండా ఆధారంతో పోల్చుకోవచ్చు.